అక్క దాచుకున్న సత్తువ

బిలాస్‌పూర్‌లో చూడ్డానికి ఏముందని నన్నెవరైనా అడిగితే, పొద్దున్నే ఐదున్నరకి రైల్వే మైదానానికి వెళ్ళి నిలబడమంటాను. అక్కడ ఓ పదిమంది పెద్దవాళ్ళు లేని కుండని కావలించుకున్నట్టు చేతులు పెట్టుకుని, కళ్ళు సగం మూసుకుని, కదలకుండా నిలబడి ఉంటారు. వెనకాల బొగ్గు బళ్ళు పోతూనే ఉంటాయి. మొదటిసారి చూసినవాళ్ళకి నవ్వొస్తుంది. నాకు కోపం వచ్చింది. దేనికైనా నాకు ముందు వచ్చేది అదే.

మొన్న చలి తగ్గుతున్న రోజుల్లో అక్కతో కలిసి అక్కడ రెండు వారాలున్నాను. చైనావాళ్ళ చీగాంగ్ అనే సాధన నేర్చుకోవడానికి వెళ్ళాం. చైనా విద్యకి ఛత్తీస్‌గఢ్ వెళ్ళడమేమిటని మా ఆఫీసులో అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళందరితోనూ గొడవపడి మరీ బయల్దేరాను.

రైల్లో

మాధవక్క నాకన్నా పదిహేనేళ్ళు పెద్దది. నాకు ఆరేళ్ళప్పుడు అమ్మ పోయింది. అప్పట్నించీ నన్ను పెంచింది అక్కే. హైదరాబాద్‌లో లెక్కల టీచరు. రెండేళ్ళ కిందట ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు వచ్చింది. మెట్లు మానేసింది, తర్వాత బడి మానేసింది, ఆ తర్వాత పూర్తి వాక్యాలు మాట్లాడ్డం మానేసింది. రాత్రిళ్ళు ఆక్సిజన్ మిషన్ ఉండాలి. ఊపిరితిత్తులు మార్చే ఆపరేషన్ ఒక్కటే దారి. దానికి పేరు రాయాలంటే మనిషిలో కాస్త బలం ఉండాలన్నారు డాక్టరు. "ఆరు నిమిషాలు ఆగకుండా నడవనివ్వండి. అప్పుడు చూద్దాం" అన్నారు. అక్క అప్పటికి రెండు నిమిషాలు కూడా నడవలేకపోతోంది.

అప్పుడు అక్కకి ఈ చీగాంగ్ నేర్పే అప్పలరాజు మావయ్య గుర్తొచ్చాడు. మా నాన్న బిలాస్‌పూర్ రైలింజన్ల షెడ్‌లో పనిచేసేటప్పుడు పక్క క్వార్టర్ వాళ్ళు. రక్తసంబంధం లేదు, వరస మాత్రం ఉంది. అక్క పద్నాలుగేళ్ళదాకా ఆ కాలనీలోనే పెరిగింది. నేను పుట్టేసరికి నాన్నకి సికింద్రాబాద్ బదిలీ అయిపోయింది. అందుకే నాకు ఆ ఊరు పాత ఫోటోల్లో మాత్రమే తెలుసు.

రైలెక్కగానే గొడవ. అక్క కింది బెర్తు మీద ఒకాయన కాళ్ళు చాపుకుని కమలాపండ్లు తింటున్నాడు. లేవమంటే "అరే, బైఠ్ జాయేంగే భాయ్", కూర్చుంటాంలే అంటూ వలుచుకుంటూనే ఉన్నాడు. నేను ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టి, రైల్వే మంత్రికే పంపిస్తానని అరిచాను. అక్క నా చొక్కా పట్టుకుని లాగింది.

"ఒరే... నువ్వు అరుస్తుంటే... నాకు ఆయాసం వస్తోంది. నీ ఊపిరి కూడా... నేనే తీస్తున్నట్టుంది."

ఆ మాటకి నేనూ ఆగాను, ఆయనా లేచాడు. ఆయనది రాయ్‌గఢ్‌ అట. తర్వాత దారంతా అక్కకి తొనలు గింజల్లేకుండా వలిచిచ్చాడు. నాకివ్వలేదు.

మోప్కా

మావయ్య రిటైరయ్యాక ఊరి చివర మోప్కాలో ఇల్లు కట్టుకున్నాడు. ఒకవైపు పొలాలు, ఒకవైపు కొత్త ప్లాట్లు. వీధినిండా ఇటుకలూ ఇసకా. స్టేషన్ నుంచి ఆటోలో వెళ్తుంటే అక్క ప్రతి సందుకీ వేలు చూపిస్తూ ఏదో చెప్పబోవడం, ఊపిరి చాలక ఆగిపోవడం.

గుమ్మంలోనే అత్తయ్య అక్క మొహం రెండు చేతుల్తో పట్టుకుంది.

"ఓలమ్మో, ఏటే ఇలగైపోనావు? చెట్టంత పిల్లవి. లోపలికి రా, మాటాడకు. నీ బదులు నేను మాటాడతాను కదేటి."

"నువ్వెప్పుడు... ఆగావత్తా" అంది అక్క. ఇరవై అయిదేళ్ళు హైదరాబాద్‌లో ఉన్న మనిషి, ఆ గుమ్మం దాటేసరికి "ఏటి", "లేదేటి" అంటూ నేనెప్పుడూ వినని భాషలోకి జారిపోయింది. నాకు కొంచెం కుళ్ళుగా అనిపించింది కూడా.

పొద్దున్నే పెట్టింది చద్దన్నం. అక్కడ బోరే బాసీ అంటారు. నీళ్ళల్లో నానిన అన్నం, ఉల్లిపాయ, పచ్చిమిర్చి. పక్కన అత్తయ్య శ్రీకాకుళం నుంచి తెప్పించుకున్న ఆవకాయ. హైదరాబాద్‌లో ఇదే మట్టిమూకుడులో వేసి మూడొందలకి అమ్ముతున్నారని చెబితే మావయ్య నమ్మలేదు. "చద్దన్నానికి మూడొందలా? అచ్ఛా, అయితే మనం రోజూ ఎంత తింటన్నామే!" అని అత్తయ్యవైపు చూశాడు.

డెబ్భై దాటిన మనిషి, ఎండిన మునక్కాడలా ఉంటాడు. పంతొమ్మిదో ఏట బొగ్గు ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా చేరాడు. ఖరగ్‌పూర్ ట్రైనింగుకి వెళ్ళినప్పుడు పన్ను పీకించుకోవడానికి ఒక చైనా డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన నోరు చూసి, బొగ్గు నలుపు తగిలిన ఉమ్ము చూసి, "పన్ను తర్వాత, ముందు నిలబడ్డం నేర్చుకో" అన్నాడట. ట్రైనింగు అయిపోయాక కూడా మావయ్య సెలవు దొరికినప్పుడల్లా ఖరగ్‌పూర్ వెళ్ళి ఆయన దగ్గర నేర్చుకున్నాడు.

మైదానం

మొదటిరోజు అందరూ కుండ పట్టుకుని నిలబడ్డారు. అక్కని మాత్రం కుర్చీలో కూర్చోబెట్టి, నడుము నిటారుగా, అరచేతులు ఒళ్ళో పెట్టమన్నాడు మావయ్య. ఆ కాసేపు బొగ్గు బళ్ళు కూడా లేవు, గాలి కూడా కదలనంత నిశ్శబ్దం. సరిగ్గా అప్పుడు నా ఫోన్ మోగింది. నా రింగ్‌టోన్ తీన్‌మార్ డప్పు. పక్కనున్న ముసలాయన ఉలిక్కిపడి లేని కుండ నిజంగా వదిలేసినట్టు చేతులు జారవిడిచాడు.

మస్తూరీ నుంచి బస్సులో ఆకుకూరలు తెచ్చి అమ్మే బుధియారిన్ బాయి నావైపు తిరిగి, "బిహావ్ హే కా, బేటా?" అంది. పెళ్ళా నాయనా, అని. మైదానమంతా నవ్వింది. అక్క కూడా నవ్వింది, ఆ నవ్వు దగ్గయింది, ఆ దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది. ఇక ఎవరూ నవ్వలేదు.

అంతా అయ్యాక మావయ్యని అడిగాను. "ఇది ఊపిరి వ్యాయామమే కదా మావయ్యా? యూట్యూబ్‌లో బోలెడున్నాయి."

"ఊపిరి కాదు నానా. చైనావోళ్ళు చీ అంటారు. మనం సత్తువనుకో. ఊపిరి బండైతే, సత్తువ అందులో సరుకు. దారి పొడుగునా సరుకు కారిపోతంటే బండి ఎంత పెద్దదైతే ఏటి?"

"ఎక్కడ కారిపోతోంది?"

"నోట్లోంచి పోద్ది, అందుకే పది గంటలదాకా మాటాడొద్దన్నాను. చల్లనీళ్ళతో పోద్ది. కోపమొస్తే కుళాయి తిప్పినట్టే పోద్ది. కళ్ళల్లోంచి పోద్ది." నా చేతిలో ఫోన్ వైపు చూశాడు. "నీకైతే అక్కడే పెద్ద చిల్లు."

అక్క కొంగు అడ్డం పెట్టుకుంది. ఈసారి జాగ్రత్తగా నవ్వింది.

ఆయన చెప్పినవాటిలో నాకు బాగా అర్థమైంది షెడ్ సంగతి. బొగ్గు ఇంజన్‌కి డ్యూటీ లేనప్పుడు నిప్పు ఆర్పేసేవాళ్ళు కాదట. ఆర్పితే మళ్ళీ రాజెయ్యడానికి పూటంతా పడుతుంది. అలాగని మండనిచ్చేవాళ్ళూ కాదు. నిప్పంతా ఒక మూలకి తోసి, పైన పొడిబొగ్గు కప్పి, కిందనుంచి గాలి రాకుండా తలుపు మూసేసేవాళ్ళు. లోపల ఎర్రగా, బయటికి ఏమీ తెలీకుండా ఉండేది. "బొడ్డు కింద అలాగ దాచాలి. పోగెయ్యడం ఒక పని, దాన్ని కప్పెట్టడం ఇంకో పని. అందరూ మొదటిది చేసి ఇంటికి పోతారు" అన్నాడు. అందుకే చివర్న ప్రతివాళ్ళూ పొట్ట మీద అరచేతులు ఒకదానిపై ఒకటి పెట్టి కాసేపు ఊరికే ఉండాలి. అది చెయ్యకుండా ఎవరూ కదలడానికి లేదు.

ఇంకో నియమం, పదింట్లో ఏడు. చెయ్యి పదిదాకా లేవగలిగినా ఏడు దగ్గరే ఆపెయ్యాలి. అన్నమూ అంతే, మాటా అంతే. డాక్టరిచ్చిన మందు మాత్రం ఒక్కటీ మానడానికి లేదన్నాడు. చివర్న నన్ను పక్కకి పిలిచి మరో మాట చెప్పాడు.

"దాన్ని పరీక్ష పెట్టొద్దు నానా. ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అని కొలవకు. ఈ రెండు వారాలూ ఒగ్గీ."

సరేనన్నాను. నాలుగు రోజులు నిజంగానే ఊరుకున్నాను.

స్టాప్‌వాచ్

అయిదో రోజు మధ్యాహ్నం మావయ్య కుదుదండ్‌లో ఎవరింటికో వెళ్ళాడు. అక్క మొహంలో కాస్త రంగు కనిపించింది. భోజనం మధ్యలో ఆగకుండా తింది. నేనుండబట్టలేకపోయాను.

"అక్కా, ఒక్కసారి వీధి చివరిదాకా నడుద్దామా? ఊరికే."

"మావయ్య వద్దన్నాడు కదరా?"

"మావయ్యకి ఇంజన్లు తెలుసు. ఆపరేషన్ గురించి తెలుసా?"

నా మొహంలోకి కాసేపు చూసింది. చెప్పులేసుకుంది. నేను ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టాను. రెండు నిమిషాల యాభై సెకన్లు. వీధిలో ఒక్కడినే ఎగిరాను. గోడ కడుతున్న మేస్త్రీ తాపీ పట్టుకుని చూస్తూండిపోయాడు.

ఆ రోజునుంచి అదే మా మధ్యాహ్నం రహస్యం. పొద్దున మైదానం, పది దాకా మౌనం, తర్వాత చౌరస్తాలో పోహా జిలేబీ. ఇరవై రూపాయలకి ఆకునిండా పెడతాడు. అటుకుల మీద జిలేబీ ఏమిటని మొదట వెక్కిరించినవాణ్ణి, మూడోరోజుకల్లా రెండో ఆకు అడిగాను. మన బోండాని అక్కడ ఆలూ గుండా అంటారు, అక్క అది కొరికి కళ్ళు మూసుకునేది. మావయ్య కునుకు తీస్తున్నప్పుడు మేం వీధిలోకి. మూడు నిమిషాల పది. మూడు నిమిషాల నలభై. ప్రతి అంకెనీ ఫోన్‌లో రాసుకుని, హైదరాబాద్‌లో స్నేహితులకి స్క్రీన్‌షాట్లు పంపేవాణ్ణి. సాయంత్రాలు అక్క గోడవైపు తిరిగి పడుకునేది. మైదానం వల్ల అలసట అనుకున్నాను.

ఒకరోజు మావయ్య అక్క మణికట్టు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. "పొద్దున్న పోగైంది సాయంత్రానికి ఉండట్లేదు. ఎక్కడ కారిపోతందే?" అన్నాడు. అక్క నావైపు చూడలేదు. నేను ఫోన్ జేబులో పెట్టేసుకున్నాను.

ఇసక కుప్ప

తొమ్మిదో రోజు నాలుగు నిమిషాలు దాటింది.

"ఇంకొక్క నిమిషమక్కా! వచ్చేస్తోంది, ఆగకు!"

ఆమె ఆగలేదు. నేను ఫోన్ చూస్తూ ఆమెకి ముందు వెనకడుగులేస్తూ నడుస్తున్నాను. నాలుగు నిమిషాల ఇరవై దగ్గర తలెత్తితే అక్క లేదు. పక్కనే ఇసక కుప్ప మీద కూలబడి ఉంది. పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. నోరు తెరుచుకునే ఉంది, లోపలికి ఏమీ వెళ్తున్నట్టు లేదు. మేస్త్రీ తాపీ పడేసి పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరం మోసుకుని ఇంట్లోకి తెచ్చాం. ఆక్సిజన్ పెట్టాం. ఆ వీధిలోనే ఉన్న డాక్టరమ్మ వచ్చి చూసి, ఇవాళ గండం గడిచిందని చెప్పి వెళ్ళింది.

అప్పుడు నేను చేసిన పని ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. పెరట్లోకెళ్ళి మావయ్య మీద అరిచాను.

"తొమ్మిది రోజులు! ఏం వచ్చింది మీ సత్తువతో? మా అక్క మీ షెడ్‌లో ఇంజన్ కాదు!"

"కాదు నానా" అన్నాడు.

"మరి ఎందుకు పెరగలేదు? నాలుగు దగ్గరే ఎందుకాగిపోయింది?"

"నాలుగేటి?" అని అడిగాడు. అప్పుడు గానీ నేనేం బయటపెట్టానో నాకు తెలీలేదు. ఫోన్‌లో అంకెలు చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కోటీ చదివాడు. ఆయన కోప్పడతాడని ఎదురుచూశాను. కోప్పడి ఉంటే బాగుండేది.

"ప్రెజర్ ఎంతుందో చూడ్డానికి రోజూ విజిల్ కొడితే, ఆ విజిల్‌కే అయిపోద్ది కదా నానా" అన్నాడు. ఫోన్ నా చేతిలో పెట్టి, కుళాయి దగ్గర మొహం కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

మంచం దగ్గర

సాయంత్రానికి అక్క కళ్ళు తెరిచింది. అత్తయ్య నన్ను మంచం పక్కన కూర్చోబెట్టి, "అరవకు. దాన్ని చెప్పనీ" అని వెళ్ళిపోయింది.

"చెప్పాలి కదక్కా, నీవల్ల కావట్లేదని! ఎందుకు నడిచావ్?"

మాస్కు కొంచెం పక్కకి జరిపింది. రెండేసి మాటలకి ఆగుతూ చెప్పింది.

"నువ్వు ఆ ఫోన్ చూసి... నవ్వేవాడివి. మూడు నిమిషాలన్నప్పుడు... ఎలా ఎగిరావో నీకు తెలీదు. అమ్మ పోయాక... నీ మొహం అలా చూళ్ళేదురా."

"అందుకని?"

"అందుకనే. పొద్దున్న పోగైందంతా... మధ్యాహ్నం నీకిచ్చేసేదాన్ని."

ఆమె మళ్ళీ మాస్కు పెట్టుకుని, కాసేపు పీల్చుకుని, మళ్ళీ తీసింది.

"ఆరు నిమిషాలు... నాకు రావని రాకముందే తెలుసు. మావయ్య కూడా... మొదటిరోజే చెప్పాడు. పాడైంది బాగుచెయ్యలేను... మిగిలింది దాచుకోడం నేర్పుతానని. నీకు చెప్పొద్దన్నది నేనే."

"మరి ఇంత దూరం ఎందుకొచ్చినట్టు?"

"జడ వేసుకోడానికి" అంది.

అర్థం కాలేదు. ఇంట్లో పొద్దున్నే జడ వేసుకోవడానికి ఆమెకి మూడుసార్లు ఆగాల్సొచ్చేదట. చేతులు పైకెత్తితే ఆయాసం. నేను పక్కగదిలోనే ఉండేవాణ్ణి, ఎప్పుడూ చూడలేదు. బాబ్ చేయించుకోమని సలహా మాత్రం ఇచ్చాను ఒకసారి. ఎవరి సాయమూ లేకుండా తన జడ తను అల్లుకుని, స్నానం చేసి, నాలుగు ముద్దలు ఆయాసం లేకుండా తినాలి, అంతవరకే కావాలనుకుని వచ్చింది. నేను దాన్నీ ఖర్చు పెట్టించేశాను.

ఆ రాత్రి నుంచి స్టాప్‌వాచ్ తీయలేదు. మర్నాడు మైదానానికి అక్క రాలేకపోయింది, నేనొక్కణ్ణే వెళ్ళాను. ఫోన్ ఇంట్లో పెట్టి నిలబడ్డాను. అయిదు నిమిషాలకే భుజాలు మండిపోయాయి, కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోయాయి. బుధియారిన్ బాయి పక్కనుంచి "థోరకన్ బచా కే రఖ్ బేటా" అంది. కాస్త దాచుకోరా, అని. కన్నీళ్ళ గురించో, సత్తువ గురించో నేనడగలేదు. వెళ్ళేటప్పుడు ఒక తోటకూర కట్ట చేతిలో పెట్టింది, డబ్బులిస్తే విసుక్కుంది.

మేం బయల్దేరే రోజు పొద్దున అక్క అరుగు మీద కూర్చుని జడ అల్లుకుంది. అత్తయ్య, మావయ్య, నేను చూడనట్టు నటిస్తూ చూశాం. మధ్యలో ఒక్కసారే ఆగింది. ఏడు దగ్గర ఆపినట్టు, చివర కాస్త అల్లకుండా వదిలేసి రబ్బరుబ్యాండు పెట్టేసింది.

"అంతేటే, పూర్తిచెయ్యవా?" అంది అత్తయ్య.

"మిగల్చమన్నాడు కదత్తా మావయ్య" అంది. మావయ్య తలుపు వెనక్కి వెళ్ళిపోయాడు.

హైదరాబాద్

వచ్చిన వారానికి పరీక్షకి పిలిచారు. పొడుగాటి వరండా, నేలమీద గీతలు, నర్సు చేతిలో టైమరు. అప్పటికే డాక్టరు స్కాన్లు చూసి నాతో విడిగా మాట్లాడారు. నడిచినా పెద్దగా మారేదేమీ ఉండకపోవచ్చన్నారు. కానీ ఆవిడ చేస్తానంటే చేద్దామన్నారు.

అక్క కుర్చీలోంచి లేచింది. చీర సర్దుకుంది. నావైపు చూసింది. మోప్కా వీధిలో చెప్పులేసుకునే ముందు చూసిన చూపే అది. అప్పుడు దాని అర్థం నాకు తెలీదు. నేను తల ఊపితే చాలు, పడిపోయేదాకా నడుస్తుంది.

"ఆమె నడవదు సిస్టర్" అన్నాను.

"సార్, ఇది చెయ్యకపోతే పేరు రాయరు."

"తెలుసు."

నర్సు ఇంకోసారి అడిగింది. నేను ఇంకోసారి అదే చెప్పాను. అక్క మెల్లగా మళ్ళీ కూర్చుంది. కళ్ళు తుడుచుకుంటూ, "ఏటిరా, అరవలేదు?" అంది.

వానలు మొదలయ్యేలోపే అక్క పోయింది. బిలాస్‌పూర్ గురించి రాద్దామని కూర్చున్న ప్రతిసారీ నాకు గుర్తొచ్చేది ఆ రోజు ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన ఆటో. దారిపొడుగునా అక్క మాట్లాడుతూనే ఉంది. రైల్వే కాలనీలో దొంగతనంగా కోసిన జామకాయలు, క్వార్టర్ గోడ దూకి చిరిగిన గౌను, అమ్మ వేసిన దెబ్బ, అప్పటి నాన్న. రెండేసి మాటలు, ఆగడం, మళ్ళీ రెండు. మాట్లాడొద్దని ఒక్కసారి కూడా అనలేదు నేను. ఇల్లొచ్చినా ఆటో దిగకుండా, ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా అలాగే కూర్చున్నాను.